రిపేరు రాలేదని చెప్పి అమ్మిన లాప్‌టాప్: డబ్బు వెనక్కి వస్తుందా?

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీరుండేది ఒడిశాలోని కాశీనగర్‌లో. గుణుపురంలో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి కోసం ఒక యాప్‌లో ప్రకటన చూసి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ బేరం చేశారు. అమ్మినతనిది ఆంధ్రాలోని ఇచ్ఛాపురం. ఇద్దరూ ఒడిశాలోని బరంపురం బస్టాండులో కలిశారు. పావుగంట ఆన్ చేసి చూసి, మీ ఇంటావిడ ఖాతా నుంచి 27,000 రూపాయలు యూపీఐలో పంపారు. ఐదో రోజు నుంచి ఛార్జరు పీకితే చాలు ఆగిపోతోంది, ఒక్కోసారి ఛార్జరు ఉన్నా ఆన్ కావడం లేదు. పర్లాకిమిడిలో షాపువాళ్లు విప్పి చూసి లోపలికి ఎప్పుడో నీళ్లు వెళ్లాయనీ, లోపలి మదర్‌బోర్డు మీద ఇదివరకే పని జరిగిందనీ, మార్చాలంటే 11,000 అవుతుందనీ చెప్పారు. అమ్మినతనికి ఫోన్ చేస్తే "చూసుకునే కదా తీసుకున్నారు, అమ్మేశాక నాకేం సంబంధం" అని పెట్టేసి నంబరు బ్లాక్ చేశాడు. ఇప్పటికి పదహారు రోజులైంది. డబ్బు వెనక్కి వస్తుందా, ఏ రాష్ట్రం పోలీసుల దగ్గరికి వెళ్లాలి, మీ బావమరిది కొనబోతున్న ఆంధ్రా బండి సంగతేమిటి అని అడిగారు.

నేను పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లు టీవీలు, కంప్యూటర్లు బాగుచేశాను. ఆరేళ్లుగా ఉచిత న్యాయ సహాయం ఇచ్చే ప్రభుత్వ న్యాయ సేవల సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా, అంటే వచ్చినవాళ్లకు దారి చూపే మనిషిగా ఉన్నాను. ప్లీడరును కాను. కానీ ఇలాంటి గొడవలు బల్ల మీద విప్పిన బోర్డుగానూ చూశాను, చేతికొచ్చిన పిటిషన్‌గానూ చూశాను. పిల్ల చదువు కోసం కూడబెట్టిన డబ్బు ఇలా పోతే ఎంత కష్టంగా ఉంటుందో తెలుసు. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పాడైన బోర్డు కన్నా, డబ్బు పంపకముందు అతను మీకు రాసిన మాటలే మీకు ఎక్కువ పనికొస్తాయి. ఎందుకో చెప్తాను.

"చూసుకునే కదా తీసుకున్నారు" అని అతనన్నది పూర్తిగా తప్పు కాదు. వస్తువుల విక్రయ చట్టం, 1930లో 16వ సెక్షన్ ఉంది. అమ్మేవాడు సరుకు నాణ్యతకు దానంతట అదే పూచీ పడినట్టు కాదు, కొనేవాడే చూసుకోవాలి అన్నది అందులో మూల సూత్రం. ఆ సరుకుతోనే వ్యాపారం చేసేవాళ్లకు అక్కడే కొన్ని బాధ్యతలు పెట్టారు. ఇంట్లో వాడుకున్న వస్తువును ఒక్కసారి అమ్ముకునే మామూలు మనిషికి అవి చాలావరకు వర్తించవు. అందుకే షాపులో కొన్నదానికీ, యాప్‌లో ఎవరో మనిషి దగ్గర కొన్నదానికీ ఇంత తేడా. ఈ తేడా తెలియక చాలామంది నేరుగా వినియోగదారుల కమిషన్‌కు పోయి, అక్కడ ఇది మా పరిధిలోకి రాదంటే నిరాశతో తిరిగొస్తారు.

నాకూ ఇది అనుభవమే. పదేళ్ల కిందట విశాఖపట్నంలో ఒకాయన దగ్గర పాత ఆసిలోస్కోప్ (కరెంటు సిగ్నళ్లను తెరమీద గీతలుగా చూపే పరికరం) 9,000కి కొన్నాను. ఇంటికి తెచ్చాక రెండో ఛానెల్ పనిచేయదని తేలింది. కొనేటప్పుడు నేను ఆ ఛానెల్ గురించి అడగలేదు, ఆయన చెప్పలేదు. ప్రకటనలో కూడా "ఆసిలోస్కోప్ అమ్మబడును" అని తప్ప ఇంకో మాట లేదు. తెలిసిన ప్లీడరు గారిని అడిగితే, ఆయన కాంట్రాక్టు చట్టం తీసి ఒక గుర్రం కథ చదివి వినిపించారు. ఆ డబ్బు నాకు తిరిగి రాలేదు. కానీ ఆ కథ ఎన్నో గొడవల్లో పనికొచ్చింది, మీకూ పనికొస్తుంది.

భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. అందులో 17వ సెక్షన్ మోసం అంటే ఏమిటో చెప్తుంది. దాని కింద చిన్న ఉదాహరణలు ఇచ్చారు. ఒకడు వేలంలో గుర్రాన్ని అమ్ముతున్నాడు. అది జబ్బు గుర్రమని అతనికి తెలుసు, కొనేవాడికి చెప్పలేదు. ఇది మోసం కాదు అంటుంది చట్టం. నా ఆసిలోస్కోప్ సరిగ్గా ఆ గుర్రమే. ఇంకో ఉదాహరణ చూడండి. కొనేవాడు ముందే అంటాడు: "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను." అమ్మేవాడు నోరు మెదపడు. ఇక్కడ ఆ మౌనం మాటతో సమానం, అది మోసం కావచ్చు అంటుంది అదే చట్టం. గుర్రం అదే, జబ్బు అదే. కొనేవాడు అడిగిన ఒక్క మాటతో అంతా మారిపోయింది.

మీరు అడిగారు. అతను మౌనంగా కూడా ఊరుకోలేదు, జవాబే రాశాడు. మీరు పంపిన ఫోటోల్లో ప్రకటన చూశాను: రెండేళ్లది, ఒక్కరే వాడారు, ఎప్పుడూ రిపేరు రాలేదు, సూపర్ కండిషన్. చాటింగులో "ఏమైనా ప్రాబ్లం ఉందా" అని మీరు అడిగితే "కిఛి ప్రాబ్లెం నాహి" అని ఒడియాలో కొట్టాడు. వీటిలో "సూపర్ కండిషన్" అన్నదాన్ని పక్కన పెట్టండి. అది అమ్మేవాళ్లు సరుకును పొగుడుకునే మాట, దాని మీద ఏ కోర్టులోనూ కేసు నిలబడదు. "రెండేళ్లది", "రిపేరు రాలేదు" అన్నవి మాత్రం నిజమో అబద్ధమో తేల్చగల మాటలు. ఇదివరకే బోర్డుకు పని చేయించి, ఆ సంగతి తెలిసీ "రిపేరు రాలేదు" అని రాస్తే అది 17వ సెక్షన్‌లోని మోసం. అతనికి నిజంగా తెలియక, తనకు అమ్మినవాడి మాట నమ్మి రాశాడనుకున్నా, 18వ సెక్షన్ కింద అది తప్పుడు సమాచారం. ఏదైనా సరే, 19వ సెక్షన్ ప్రకారం ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు మీకుంది. దీనితోపాటు విక్రయ చట్టం 15వ సెక్షన్ ఉంది. వర్ణన చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. ఈ సెక్షన్ వ్యాపారులకే పరిమితం కాదు, అందరికీ వర్తిస్తుంది.

అవతలివాళ్లు ఒక వాదన తెస్తారు, ముందే తెలుసుకోండి. తప్పుడు సమాచారం తెలియక ఇచ్చినదైతే, కొనేవాడు మామూలు జాగ్రత్తతో నిజం కనిపెట్టగలిగి ఉంటే బేరం రద్దు కాదని 19వ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. తెరమీద గీత ఉన్నా, మీటలు ఊడిపోయినా ఆ వాదన మీ మీద పనిచేసేది. బస్టాండులో నిలబడి స్క్రూలు విప్పి బోర్డు చూడటం మామూలు జాగ్రత్త కిందికి రాదని గట్టిగా చెప్పొచ్చు. పైగా తెలిసీ చెప్పిన అబద్ధానికి ఆ మినహాయింపు రక్షణ ఇవ్వదు.

ఇప్పుడు రిపేరు మనిషిగా ఒక హెచ్చరిక. ఛార్జరు పీకగానే ఆగిపోవడం ఒక్కటే అయితే బ్యాటరీ అయిపోయిందనే అర్థం. వాడిన లాప్‌టాప్‌లో బ్యాటరీ అరిగిపోవడం సహజం, దాన్ని పట్టుకుని పోరాడితే ఓడిపోతారు. ఛార్జరు ఉన్నా ఆన్ కావడం లేదన్నారు కాబట్టి తప్పు బోర్డులోనే ఉండే అవకాశం ఎక్కువ. అయినా ఊహ మీద వెళ్లొద్దు. విప్పిన షాపుకే మళ్లీ వెళ్లి, విండోస్‌లో బ్యాటరీ రిపోర్టు తీయించండి. కొత్తలో బ్యాటరీ ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది అనేది అందులో ఉంటుంది. తర్వాత బోర్డు ఫోటోలు దగ్గరగా తీయించండి. నీళ్లు తగిలినచోట లోహం పచ్చగానో తెల్లగానో పూసినట్టు ఉంటుంది. చేత్తో టంకం వేసినచోట చిప్పుల చుట్టూ గోధుమరంగు జిగురు మిగిలిపోతుంది, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బోర్డు మీద అలా ఉండదు. కొన్ని కంపెనీలు లోపల తెల్లటి చిన్న స్టిక్కర్లు అంటిస్తాయి, తడి తగిలితే అవి ఎర్రగా మారతాయి. మీ దానిలో ఉంటే అదీ ఫోటోలో రావాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, డబ్బు ఖర్చు కానిది సీరియల్ నంబరు. లాప్‌టాప్ అడుగున స్టిక్కరు మీద ఒకటి ఉంటుంది, ఆన్ అయినప్పుడు బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో, ఒకటి కనిపిస్తుంది. రెండూ ఒకటేనా చూడండి. వేరైతే బోర్డు మార్చారనడానికి అదే గట్టి గుర్తు. ఆ నంబరును తయారీ కంపెనీ వెబ్‌సైటులో వారంటీ చూసే చోట కొట్టండి. వారంటీ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో వస్తుంది. "రెండేళ్లది" అని రాసిన లాప్‌టాప్ వారంటీ ఐదేళ్ల కిందట మొదలైందని తేలితే, ఇక మెకానిక్ సాక్ష్యంతో కూడా పని లేదు. అతని మాట అబద్ధమని తయారీ కంపెనీయే చెప్పినట్టవుతుంది. ఈ సంగతి మీరు రాయలేదు, ముందుగా ఇది చూడండి.

షాపువాళ్లు చూసిందంతా లెటర్‌హెడ్ మీద గానీ జాబ్ షీట్ మీద గానీ రాయించుకోండి. సీరియల్ నంబరు, తేదీ, సంతకం, ముద్ర ఉండాలి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా, గొడవ తేలేదాకా బోర్డు బాగుచేయించొద్దు. అమ్మాయికి చదువు ఆగిపోతోందని మీ బాధ అర్థమవుతుంది, కానీ ఒకసారి బోర్డు మార్చాక "నువ్వే పాడుచేశావు" అని అతను అనడానికి దారి దొరుకుతుంది. విండోస్ కూడా మళ్లీ ఎక్కించొద్దు.

ఇంకో పని ఈ రోజే చేయాలి, రేపటికి పెట్టుకోవద్దు. అతను ప్రకటన తీసేయకముందే దాన్ని, అతని ప్రొఫైల్‌ను స్క్రీన్‌షాట్లు తీయండి. చాటింగును మొదటి సందేశం నుంచి చివరిదాకా జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ చేయండి. పేరు మాత్రమే కనిపిస్తే చాలదు, కాంటాక్టు వివరాలు తెరిచి నంబరు కూడా కనిపించేలా తీయండి. వాట్సాప్‌లో సందేశాలు వాటంతటవే మాయమయ్యే సెట్టింగు ఉంటే వెంటనే ఆపండి. యూపీఐ చెల్లింపు తెరమీద అతని బ్యాంకు పేరు, లావాదేవీ నంబరు ఉంటాయి, అవీ దాచుకోండి. ఆ చాటింగు ఉన్న ఫోన్‌ను అమ్మొద్దు, మార్చొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతోపాటు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అసలు ఫోన్ మీ దగ్గరుంటే ఆ పని సులువవుతుంది.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. ఒకే చాటింగులో తెలుగు, ఒడియా, హిందీ కలిసిపోతాయి, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. వాయిస్ మెసేజీలైతే చెప్పనక్కర్లేదు. పిటిషన్ రాసేటప్పుడు అతని మాటలను మీకు నచ్చినట్టు మార్చి రాయొద్దు. "కిఛి ప్రాబ్లెం నాహి" అన్నదాన్ని అలాగే రాసి, కింద అర్థం రాయండి. వాయిస్ మెసేజీని కూడా అన్న మాటలు అన్నట్టే కాగితం మీద పెట్టండి. బరంపురంలో పిటిషన్ ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ ఇవ్వాలి. మనవాళ్లు చాలామంది ఒడియా గలగలా మాట్లాడతారు, రాయడం దగ్గరికొస్తే ఆగిపోతారు. దానికి సిగ్గుపడొద్దు, రాసిపెట్టే మనుషులు న్యాయ సేవల సంస్థ ఆఫీసులోనే ఉంటారు.

తర్వాత అతనికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఫోన్‌లో అరుచుకున్నది లెక్కలోకి రాదు. సరుకు తీసుకుని, వద్దని చెప్పకుండా సమంజసమైన గడువు దాటిపోతే దాన్ని ఒప్పుకున్నట్టే అంటుంది విక్రయ చట్టం 42వ సెక్షన్. పదహారు రోజులు మరీ ఎక్కువేం కాదు, కానీ ఇంకా ఆలస్యం వద్దు. వాట్సాప్‌లో బ్లాక్ చేశాడు కాబట్టి ఎస్ఎంఎస్ పంపండి, యాప్ చాటులో పెట్టండి, చిరునామా తెలిస్తే అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. అతనిది ఇచ్ఛాపురం కాబట్టి తెలుగులో రాసినా ఏమీ ఫర్వాలేదు. ఇలా రాయండి:

"మీరు ఫలానా తేదీ ప్రకటనలో ఈ లాప్‌టాప్ రెండేళ్లదని, ఎప్పుడూ రిపేరు రాలేదని రాశారు. సమస్యలేమీ లేవని ఫలానా తేదీ సందేశంలో చెప్పారు. ఆ మాటలు నమ్మి ఫలానా తేదీన బరంపురంలో 27,000 రూపాయలు చెల్లించాము. బోర్డుకు నీళ్లు తగిలి, ఇదివరకే రిపేరు జరిగినట్టు ఫలానా తేదీన పరీక్షలో తేలింది. అందువల్ల ఈ కొనుగోలును రద్దు చేసుకుంటున్నాము. లాప్‌టాప్‌ను ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము. ఈ సందేశం అందిన పదిహేను రోజుల్లో డబ్బు తిరిగి పంపండి."

ఇంతే. తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు. "తిరిగి ఇవ్వడానికి సిద్ధం" అన్న మాట తప్పకుండా ఉండాలి. బేరం రద్దు చేసుకునేవాడు తాను తీసుకున్నది వెనక్కి ఇవ్వాలన్నది కాంట్రాక్టు చట్టంలోనే ఉంది.

ఇక రాష్ట్రాల సంగతి. అతనిది ఆంధ్రా, మనది ఒడిశా అని మీరు బెంగపడుతున్నారు. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. విక్రయ చట్టం 1930ది, కాంట్రాక్టు చట్టం 1872ది. మన ఊళ్ల మధ్య ఆ గీత పడకముందే ఉన్న చట్టాలు ఇవి, గీతకు అటూ ఇటూ ఒకటే. సివిల్ దావా ఎక్కడ వేయాలంటే, ప్రతివాది ఉండేచోట గానీ, వ్యవహారం కొంతైనా జరిగినచోట గానీ వేయొచ్చు. సరుకు చేతులు మారింది, డబ్బు వెళ్లింది బరంపురంలో. కాబట్టి మీరు ఇచ్ఛాపురం పోనక్కర్లేదు, అతనే బరంపురం రావాలి. బస్సెక్కితే గంటలోపు దూరమే, రాలేనని చెప్పడానికి కూడా అతనికి కారణం దొరకదు.

మరి దావాయే వేయాలా? నా అభిప్రాయం సూటిగా చెప్తాను. 27,000 కోసం ముందే సివిల్ కోర్టుకు వెళ్లొద్దు. గడువు మూడేళ్లు ఉంది, ఆ దారి ఎక్కడికీ పోదు. ముందు బరంపురం జిల్లా కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవల సంస్థలో, కేసు వేయకముందే రాజీ కోసం దరఖాస్తు పెట్టండి. ఫీజు లేదు. వాళ్లు అవతలి మనిషికి నోటీసు పంపుతారు. కోర్టు ముద్ర ఉన్న కాగితం ఇంటికి రాగానే, ఫోన్ ఎత్తని మనిషి కూడా ఫోన్ చేయడం నేను చాలాసార్లు చూశాను. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. డబ్బు వెళ్లింది మీ ఇంటావిడ ఖాతా నుంచి కాబట్టి దరఖాస్తులో ఆమె పేరు కూడా పెట్టండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది, తర్వాత దావా వేయాల్సి వచ్చినా ప్లీడరు ఖర్చు మీద పడదు. ముందుగా ఫోన్‌లో కనుక్కోవాలంటే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి చేయండి. ఈ దారిలో ఒక లోటుంది. అతను వచ్చి ఒప్పుకుంటేనే రాజీ, రానంటే బలవంతం చేయరు.

రాజీలో ఎంతకు ఒప్పుకోవాలో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. పూర్తి డబ్బు అడగడం మీ హక్కు, మొదట అదే అడగండి. అతను డబ్బు ఖర్చుపెట్టేశానని, రిపేరు ఖర్చు ఇస్తానని అంటే, 11,000 అక్కడికక్కడే చేతికి వస్తే తీసుకోమనే నేనంటాను. మీకు అమ్మాయి చదువు ముఖ్యం. వాయిదాలకు మాత్రం ఒప్పుకోవద్దు, మొదటి వాయిదా తర్వాత ఏమవుతుందో చూసి చూసి చెప్తున్నాను.

వినియోగదారుల కమిషన్ గురించి ఒక్క విషయం పరిశీలించండి. అతని ప్రొఫైల్‌లో ఇంకా ఎన్ని ప్రకటనలు ఉన్నాయి? నాలుగైదు లాప్‌టాప్‌లు, ఫోన్లు అమ్మకానికి పెట్టి ఉంటే అతను ఇంటి వస్తువు అమ్ముకునే మనిషి కాదు, సెకండ్స్ వ్యాపారి. అప్పుడు 2019 వినియోగదారుల రక్షణ చట్టం అతనికి వర్తిస్తుందని వాదించొచ్చు. మీరుండే జిల్లాలోనే, అంటే పర్లాకిమిడిలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేసి అడగండి. యాప్ కంపెనీ మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ప్రకటనకు చోటిచ్చామే తప్ప అమ్మింది మేం కాదంటారు, ఐటీ చట్టం 79వ సెక్షన్ వాళ్లకు ఆ రక్షణ ఇస్తుంది. వాళ్లే తనిఖీ చేసి ముద్ర వేసిన సరుకైతే సంగతి వేరు. అయినా యాప్‌లో అతని ఖాతా మీద రిపోర్టు కొట్టి, ప్రకటన వివరాలు భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి.

పోలీసుల దగ్గరికి వెళ్తే "ఇది సివిల్ వ్యవహారం" అనే మాట వినడానికి సిద్ధపడి వెళ్లండి. ప్రతిసారీ వాళ్లది తప్పు కాదు. మాట తప్పిన ప్రతి బేరం మోసం నేరం కాదని, మొదటి నుంచే వంచించే ఉద్దేశం ఉండాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అందుకే ఫిర్యాదులో లాప్‌టాప్ పాడైందని మొదలుపెట్టొద్దు. అతను ఏ తేదీన ఏం రాశాడు, అది అబద్ధమని అతనికి ముందే తెలుసనడానికి రుజువేమిటి, ఆ మాట నమ్మి మీరు ఎంత ఇచ్చారు, ఈ వరసలో రాయండి. మోసానికి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. బరంపురం బస్టాండు ఏ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడే ఇవ్వడం మంచిది. పరిధి కాకపోయినా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలని చట్టంలో ఉంది, కానీ సరైన స్టేషన్‌కు వెళ్తే పని త్వరగా జరుగుతుంది. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి. బరంపురానికి ఎస్పీ వేరు, ఛత్రపురంలో ఉండే గంజాం ఎస్పీ వేరు, కవరు మీద ఆ తేడా చూసుకోండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 గురించి కూడా అడిగారు. అడ్వాన్సు తీసుకుని మాయమైనా, క్యూఆర్ పంపి ఖాతా ఖాళీ చేసినా ఆ గంటలోనే 1930కి చేయాలి, డబ్బు ఇంకా ఖాతాలో ఉండగానే ఆపడానికి అది. సరుకు చేతికి వచ్చి పదహారు రోజులైన మీ కేసులో దాని వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

మీ తమ్ముళ్లు నలుగురు ఇచ్ఛాపురం వెళ్లి మాట్లాడతామంటున్నారని రాశారు. దయచేసి పంపొద్దు. రెండేళ్ల కిందట ఒక ఫ్రిజ్ గొడవలో కొన్నవాళ్ల బంధువులు అలాగే వెళ్లారు. మాట పెరిగింది, చొక్కా చిరిగింది. ఫ్రిజ్ పాడైనవాళ్లే ముద్దాయిలై స్టేషన్ చుట్టూ తిరిగారు, చివరికి తమ డబ్బు వదులుకుని రాజీ పడ్డారు. అతని ఫోటో, నంబరు ఫేస్‌బుక్ గ్రూపుల్లో పెట్టి "దొంగ" అని రాయడం కూడా వద్దు. పరువు నష్టం కేసు అతని చేతికి మీరే ఇచ్చినట్టవుతుంది.

మీ బావమరిది బండి సంగతి. సరిహద్దు ఊళ్లలో ఆంధ్రా బండ్లు చవగ్గా వస్తాయి, ఆ చవకకు చాలాసార్లు కారణం కాగితాలే. అమ్మేవాడి పేరు, ఆర్‌సీ మీద పేరు ఒకటేనా చూడమనండి. ఇద్దరు ముగ్గురి చేతులు మారి, ఆర్‌సీ మాత్రం మొదటివాడి పేరునే ఉంటే ఆ బండి వద్దు. ఆర్‌సీలో హైపోతికేషన్ అని ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే అప్పు తీరిందన్న కాగితం, ఫారం 35 రావాలి. వేరే రాష్ట్రం బండి కాబట్టి అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఫారం 28లో ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తప్పనిసరి. యాజమాన్యం మార్పుకు కావలసిన 29, 30 ఫారాల మీద సంతకాలు డబ్బు ఇచ్చే రోజే తీసుకోవాలి. "ఎన్ఓసీ వచ్చే నెల ఇప్పిస్తా" అంటే డబ్బు కూడా వచ్చే నెలే ఇవ్వమనండి. కొన్న ముప్పై రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి, ఒడిశాలో మళ్లీ రోడ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ కూడా కలిపి చూస్తే బండి నిజంగా చవకో కాదో తేలుతుంది. ఇన్సూరెన్స్ కూడా పద్నాలుగు రోజుల్లోపు తన పేరుకు మార్చమని రాసివ్వాలి. బేరం కుదిరే ముందు అమ్మేవాడికి ఒక్క సందేశం పంపమనండి: "ఈ బండికి యాక్సిడెంట్ కాలేదు, అప్పు లేదు, ఇంజను విప్పలేదు అని మీరు చెప్పారు. ఇందులో ఏదైనా తప్పుంటే ఇప్పుడే చెప్పండి, చెప్పకపోతే నిజమనే అనుకుని డబ్బు ఇస్తాను." ఆ గుర్రం ఉదాహరణలో కొనేవాడు అన్న మాట ఇదే. ఫోన్ కొనేవాళ్లు దీనితోపాటు ఇంకొకటి చూడాలి. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరును (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబరు) ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో చూస్తే, దొంగిలించిన ఫోన్‌గా ఎవరైనా బ్లాక్ చేయించి ఉంటే తెలిసిపోతుంది.

మీరు ముందు సీరియల్ నంబరు కొట్టి చూసి, వారంటీ ఏ తేదీన మొదలైందో నాకు రాయండి. అడుగున స్టిక్కరు, బయోస్ తెర రెండూ ఫోటో తీసి పెట్టండి. షాపువాళ్ల కాగితం చేతికి వచ్చాక చెబితే దరఖాస్తు ఒడియాలో నేనే రాసిస్తాను, బరంపురం వెళ్లేటప్పుడు పర్లాకిమిడిలో దిగి తీసుకెళ్లండి.